పిట్టకు సర్ఫేస్ డ్యూటీ

గోదావరిఖని
9 ఫిబ్రవరి 2025

పిట్టా,

ఐదో తరగతిలో మా సారు ఉత్తరం ఎట్ల రాయాలో నేర్పినాడు. ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాము అని మొదలుపెట్టాలట. నేను క్షేమమని రాస్తే అబద్ధం అవుతుంది కాబట్టి ఆ ముక్క విడిచిపెడుతున్నాను.

నిన్ను పిట్ట అని పిలిచింది మన రుత్విక్ ఒక్కడే. లగ్గమైన తెల్లారి నీ కంచం చూసి, "ఇదేం తిండే, పిట్ట తిన్నట్టు!" అన్నాడు. నా కొడుకు పోయి వచ్చే శ్రావణానికి రెండేళ్ళు. ఎవరూ పిలవకపోతే ఆ పేరు తుప్పు పడుతుందని ఇకనుంచి నేను పిలుస్తాను. కోడలిని అట్ల పిలవొచ్చునా అని ఎవరన్నా అంటే అననీ.

ఉత్తరం ఎందుకంటే, ఫోనులో నువ్వు "తిన్నవా అత్తమ్మా" అంటావు, నేను "తిన్న" అంటాను, ఇద్దరం ముక్కులు చీదుకొని పెట్టేస్తాము. కాయితం మీద ముక్కు చీదుడు కనపడదు. నోటుబుక్కులో రాసి పక్కింటి పూలమ్మ ఫోనుతో ఫోటో తీయించి పంపుతున్నాను. పూలమ్మకు చదువు రాదు, మన సంగతులు బయటికి పోవు. నువ్వూ కాయితం మీదనే రాసి పంపు.

ఇక్కడి ముచ్చట్లు. చౌరస్తా కాడి స్తంభానికి నీ ఫ్లెక్సీ కట్టినారు. మంచిర్యాలలో నీకు వీసా కాయితాలు చేసిచ్చిన ఆఫీసు వాళ్ళదట. నీ మొహం నా అంత ఎత్తున్నది. కింద "బొగ్గు గడ్డ నుంచి అమెరికా అడ్డకు!" అని రాసినారు. రెండేళ్ళ కింద అదే స్తంభానికి వాడి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఉండె. ఫ్లెక్సీలు కట్టే మొగిలిని అడిగితే చట్రం కూడా అదేనన్నాడు. "గట్టి కర్ర అత్తా, ఏడుపుకైనా నవ్వుకైనా ఆగుతది" అన్నాడు. ఆ చట్రంలో కొడుకును చూసి ఏడ్చినదాన్ని, అందులోనే కోడలిని చూసి ఏం చేయాలో తెలియక కూరగాయలు కొనకుండానే వచ్చినాను.

పూలమ్మ బిడ్డ లగ్గంలో నీకు వీడియో ఫోను చేసి, "అమెరికా అక్కా, దీవించు" అన్నారు గదా. వాడు పోయినంక నిన్ను ఒక్క పసుపు కుంకుమకు పిలవని ఆడోళ్ళే వాళ్ళు. అప్పుడు నీ నీడ పడితే దోషం. ఇప్పుడు నీ బొమ్మ పడితే దీవెన. వీసా ముద్రతో ఇంత దోషం పోతుందని తెలిస్తే మన అయ్యగారు శాంతులు చేయుడు మానేసి వీసా అర్జీలు నింపుతాడు.

బొగ్గు బాయిలో వాడి కొలువు సంగతి ఆఫీసు బాబు అడుగుతున్నాడు. "కోడలు వచ్చి చేరుతదా లేదా, దసరా లోపల తేల్చుండ్రి" అన్నాడు. మీ మామ పానం బాగలేక దిగిపోయి వాడికిచ్చిన కొలువు, వాడు పోయి నీకు వచ్చింది. మన ఇంట్లో ఆస్తి అంటే ఇదే, ఎవరో ఒకరు పోతే గానీ చేతికి రాదు. నువ్వు దీని ఫికర్ పెట్టుకోకు, చదువుకో. కంపెనీ ఇచ్చిన క్వార్టర్ జోలికి ఎవరూ రారు.

నువ్వు ఎవరింట్లో ఉంటున్నావో, ఏం తింటున్నావో రాయి.

మీ అత్తమ్మ
మల్లక్క

*

డేటన్, ఒహాయో
16 ఫిబ్రవరి 2025

అత్తమ్మా,

నీ ఉత్తరం బస్సులో చదివాను. పిట్టా అన్న మాట దగ్గరే ఆగిపోయి, దిగాల్సిన స్టాపు దాటి రెండు స్టాపులు పోయాను. మంచులో వెనక్కి నడిచాను. కోపం రాలేదు.

నేనుండేది మన మంథని వాళ్ళింట్లో. ఆయన పేరు వేదవ్యాస్, పెద్ద కంపెనీలో మేనేజరు. ఆవిడ అహల్య. వేదవ్యాస్ గారి నాన్న లక్ష్మీనరసింహ గారు మంథనిలో బడిపంతులుగా చేసి రిటైరయ్యారట. వాళ్ళ పాప మనీషకు పదేళ్ళు. దానికి లెక్కలు, తెలుగు చెప్తున్నాను. నాకు కింద విడిగా గది ఇచ్చారు. బాత్రూము కూడా నాదే.

మన కాలనీలో క్వార్టర్ టైపు చూసి మనిషి టైపు చెప్తారు కదా. ఇక్కడ వీసా టైపు చూసి చెప్తారు. పోయిన శనివారం వీళ్ళింట్లో పార్టీ. ఈ దేశపు పౌరులైనవాళ్ళు సోఫాలో కూర్చున్నారు. గ్రీన్‌కార్డు వాళ్ళు డైనింగు కుర్చీల్లో. ఇంకా రానివాళ్ళు గోడకు ఆనుకుని, ఎవరు పిలిస్తే వాళ్ళ మాటకు నవ్వుతూ నిలబడ్డారు. ఎవరూ చెప్పలేదు, ఎవరి చోటు వాళ్ళకు తెలుసు. ఒకాయన నన్ను "ఏ ఊరమ్మా?" అని అడిగాడు. గోదావరిఖని అన్నాను. "ఓహో, ఆఫీసర్స్ కాలనీయా?" అన్నాడు. కాదన్నాను. ఆయన ప్లేటు నింపుకోవడానికి వెళ్ళాడు. ముప్పై ఏళ్ళ కిందట వదిలేసిన ఊళ్ళో ఎవరు ఏ క్వార్టర్లో ఉండాలో ఆయనకు ఇంకా బాగా గుర్తుంది.

చదువు బాగానే ఉంది. ఇంకా మూడు సెమిస్టర్లు. తర్వాత ఉద్యోగం దొరికితే నేనూ కుర్చీ దాకా వస్తాను. అప్పుడు నిన్ను నేరుగా సోఫాలో కూర్చోబెడతాను.

బాగా తింటున్నాను. నువ్వు మోకాళ్ళకు కంపెనీ దవాఖానలో చూపించుకో.

నీ
శ్రావణ్య

*

గోదావరిఖని
6 ఏప్రిల్ 2025

పిట్టా,

నువ్వు నాకు అబద్ధం చెప్పినావు. పెద్దది కాదు, కాని పన్నెండు మెట్ల లోతున్నది.

నీకు నీడ ఇచ్చినవాళ్ళకు దండం పెట్టి రావాలని మంథని పోయినాను. లక్ష్మీనరసింహ పంతులు అరుగు మీద కుర్చీ వేయించినాడు. మంచినీళ్ళు కాయితం గ్లాసులో ఇచ్చినాడు. తాగి పారేస్తే అయిపాయె. ఈ కాయితం గ్లాసు కనిపెట్టినవాడు మహానుభావుడు. నాకు మర్యాద దక్కింది, వాళ్ళకు మడి దక్కింది.

పంతులు నిన్ను మస్తు మెచ్చుకున్నాడు. "మీ కోడలు పచ్చిపులుసు తిన్నంక మావోడు హోటలుకు పోవుడే బంద్ చేసిండమ్మా. పొద్దున టిఫిను, రాత్రి వంట, అన్నీ ఆ పిల్లనే. అంత మంచి మనిషి ఆ దేశంల ఎక్కడ దొరుకుతది?" అన్నాడు.

ఆయన ఇంట్లో నా చెయ్యి తగిలిన గ్లాసు నిలవదు. ఆయన కొడుకు రోజూ నా కోడలి చేతి ముద్ద తింటున్నాడు. సముద్రం అంత పెద్దగా ఎందుకున్నదో ఇప్పుడు తెలిసింది, మడి కడుక్కునేతందుకే.

అది కూడా మింగినాను. తర్వాత ఫోనులో ఇల్లు చూపించినాడు. ఇది హాలు, ఇది దేవుడి గది, ఇది కార్ల గది.

"మరి నా కోడలు ఎక్కడుంటది అయ్యా?"

"బేస్‌మెంటుల ఉంటది గదా."

"అంటే ఏంది?"

"భూమి లోపలి అంతస్తు. పన్నెండు మెట్లు దిగాలె."

బిడ్డా, ఇంకేమీ అడగకుండా బస్సెక్కినాను. మీ మామ ముప్పై ఏళ్ళు బాయి దిగినాడు. నా కొడుకు బీటెక్ చదివి నాలుగేళ్ళు దిగినాడు. నిన్ను చదివించి, విమానం ఎక్కించి, మబ్బుల మీదికెళ్ళి పంపిస్తే, నువ్వు కూడా పోయి అండర్‌గ్రౌండ్‌లనే దిగినావా?

బస్సు దిగి నేరుగా యూనియన్ ఆఫీసుకు పోయినాను. లీడరు వీరేందర్ అంతా విని బల్ల గుద్దినాడు. "మూడో మనిషికి కూడా అండర్‌గ్రౌండేనా? నడవది అక్కా! బాయి పైన, ఎండ తగిలే కాడ, సర్ఫేస్ డ్యూటీ ఇయ్యాలె. అమెరికా అయితే ఏంది, రూలు రూలే" అన్నాడు. అప్పటికప్పుడు అర్జీ రాసి, యూనియన్ ముద్ర కొట్టి, వేదవ్యాస్ సారు ఫోనుకు కొట్టినాడు. నంబరు పంతులు దగ్గర తీసుకున్నాను. అర్జీ నకలు ఇదిగో:

"విషయం: శ్రావణ్య గారిని అండర్‌గ్రౌండ్ నుంచి సర్ఫేస్‌కు మార్చుట గురించి. పై విషయమై మనవి చేయునది ఏమనగా, సదరు శ్రావణ్య గారు తమ వద్ద ఉదయం టిఫిను, సాయంత్రం వంట, గిన్నెలు, పాపకు చదువు అను నాలుగు డ్యూటీలు చేయుచు, భూమి లోపల నివసించుచున్నారు. ఒకే కుటుంబంలో ముగ్గురిని భూమి కింద ఉంచుట అన్యాయం. కావున వెంటనే కిటికీ గల పై గదికి మార్చగలరు. లేనియెడల తమ గేటు ముందు ధర్నా తప్పదు."

గేటు అంత దూరం ఉన్నది, ధర్నాకు ఎవరు పోతారని అడిగినాను. "గది తర్వాత చూద్దాం అక్కా, ముందు భయం పుట్టాలె" అన్నాడు.

ఇంక నీకు పై గది వస్తుంది. వచ్చినంక ఎండలో నిలబడి ఫోటో పంపు.

మీ అత్తమ్మ
మల్లక్క

*

డేటన్
13 ఏప్రిల్ 2025

అత్తమ్మా,

పై గది రాలేదు. కింది గది పోయింది.

కోపంగా రాస్తున్నాను, కూర్చుని చదువు.

చదువుకోవడానికి వచ్చినవాళ్ళు ఇక్కడ కాలేజీ బయట పని చేయకూడదు. చేసినట్టు తెలిస్తే వీసా పోతుంది. నేను వంట చేస్తాను, వాళ్ళు గది ఇస్తారు. మధ్యలో కాయితం లేదు. కాయితం లేకపోవడమే మా ఒప్పందం. అలాంటిది మన వీరేందరన్న నేను చేసే పనులన్నీ వరసగా రాసి, ముద్ర కొట్టి పంపాడు. నన్ను ఈ దేశం నుంచి పంపించడానికి అంతకంటే మంచి సాక్ష్యం ఎవరూ తయారు చేయలేరు.

వేదవ్యాస్ గారు అది శనివారం అతిథుల ముందు తెరిచారు. ఊరి నుంచి ఏదో సన్మానం పిలుపు అనుకుని పైకే చదవడం మొదలుపెట్టారు. "గిన్నెలు" దగ్గర గొంతు తగ్గింది. "ధర్నా" దగ్గర సోఫాలో ఉన్నవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. మర్నాడు నన్ను కూర్చోబెట్టి, "శ్రావణ్యా, నీ మంచికోసమే చెప్తున్నా" అన్నారు. ఇక్కడ మనిషిని బయటికి పంపేటప్పుడు అలాగే మొదలుపెడతారు. వారం గడువు ఇచ్చారు.

ఆ గది ఎలా ఉంటుందో నన్ను అడిగితే చెప్పేదాన్ని. కింద తివాచీ, వెచ్చటి గాలి, పైన చిన్న కిటికీ. పొద్దున్నే ఆ కిటికీలోంచి ఉడతల కాళ్ళు కనపడేవి. మా ఆయన పోయాక నేను నిద్రపోయిన మొదటి గది అది. నీకు అది బాయిలా కనపడింది.

వంట సంగతి దాచినందుకు తప్పు నాదే. మరి నీ సంగతేమిటి? నిన్న పూలమ్మత్త ఫోను చేసింది. "మీ అత్తకు క్వార్టర్ ఖాళీ చెయ్యుమని కాయితం వచ్చి రెండు నెలలు దాటె. బియ్యం డబ్బాల దాచింది. నేను చెప్పిన్నని చెప్పకు" అంది. చెప్తున్నాను. కొలువులో ఎవరూ చేరకపోతే దసరా తర్వాత ఇల్లు ఖాళీ చేయాలట కదా. జోలికి ఎవరూ రారని రాశావు!

నేను వచ్చేస్తాను. ఆ కొలువులో చేరతాను. సర్ఫేసో అండర్‌గ్రౌండో, ఏదిస్తే అది.

శ్రావణ్య

*

గోదావరిఖని
4 మే 2025

పిట్టా,

నీ ఉత్తరం మూడు వారాలు దిండు కింద పెట్టుకున్నాను. జవాబు రాసే మొహం లేదు. ఈ ఎండకు నోటుబుక్కు కూడా కాలుతున్నది.

తప్పు అయింది. నీ కాళ్ళు మొక్కుతానంటే ఆయుష్షు తగ్గుతుందంటావు, అందుకే అనను. వీరేందర్‌ను పోయి తిట్టినాను. అతనికి సిగ్గు లేకపోగా అంగీ గల్లా ఎగరేసినాడు. ఇప్పుడు చౌరస్తాలో నీ ఫ్లెక్సీ దింపి అతనిది కట్టినారు. "అమెరికా గడ్డ మీద కార్మికుల పక్షాన గర్జించిన నేత" అట. నీకు గది పోయింది, అతనికి పదవి వచ్చేట్టున్నది.

మళ్ళీ మంథని పోయి పంతులు ముందు నిలబడినాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తర్వాత లోపలికి చూసి, మెల్లగా అన్నాడు. "మల్లమ్మా, నీకొక్కదానికే చెప్తున్న. మావోడు పోయిన కొత్తల ఒక గుజరాతీ సేటు ఇంట్ల బేస్‌మెంటుల్నే ఉన్నడు. వాళ్ళ గిన్నెలు తోమిండు. ఊళ్ళె మేం కంపెనీ గెస్టుహౌసు అని చెప్పుకున్నం."

"మరి ఆ సేటో అయ్యా?"

"ఆయన ఇంకెవ్వని కింద ఉన్నడో. అడగలే."

చూసినావా బిడ్డా. అందరూ కింది నుంచే ఎక్కినారు. ఎక్కినంక మెట్లు కనపడకుండా తివాచీ పరిచినారు. ఆ రోజు పంతులు నాకు స్టీలు గ్లాసులో నీళ్ళిచ్చినాడు. నేను పోయినంక ఏం చేసినాడో చూడలేదు.

ఇప్పుడు అసలు మాట. నువ్వు రావద్దు.

నీకు తెలియనిది ఒకటి చెప్తాను. వాడు హైదరాబాద్ పోయి కొలువు చూసుకుంటానన్నాడు. "ఏడాది టైం ఇయ్యే అమ్మా" అన్నాడు. నేనే ఇయ్యలేదు. ఇంటికొచ్చిన లక్ష్మిని కాలితో తంతావా అని మూడు రోజులు అన్నం ముట్టలేదు. వాడు నన్ను తినిపించేతందుకు కొలువులో చేరినాడు. నాలుగేళ్ళకు ఆ పొద్దున డ్యూటీకి పోతుంటే వానలో బండి జారి లారీ కిందికి పోయింది. బాయి తప్పు కాదు, లారీ తప్పు కాదు, వాన తప్పు కూడా కాదని అందరూ అన్నారు. నిజమే. కాని వాడు ఆ తొవ్వలో ఉన్నది నా మాట మీద. మొదటి షిఫ్టు సైరను కూస్తే ఇప్పటికీ లేచి వాడికి నీళ్ళు కాగపెడుతున్నాను. కాగినంక యాదికి వస్తుంది.

ఇప్పుడు నువ్వు కూడా నా ఇంటి కోసం వచ్చి చేరితే, ఇద్దరిని దింపినదాన్ని అవుతాను. ఆ పేరు నాకు వద్దు.

మల్లక్క

*

డేటన్
22 జూన్ 2025

అత్తమ్మా,

నీ ఉత్తరం చదివి ఏడు వారాలు రాయలేకపోయాను. ఆయన నాకు ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఒక్కటి మాత్రం అనేవాడు, "మా అమ్మ అలిగితే మూడు రోజులు తినదు, నువ్వు అలిగినా అలగకున్నా తినవు, నాకు ఇద్దరు దొరికినరు" అని. నవ్వుతూనే అనేవాడు. అది మాత్రం నీకు చెప్పాలనిపించింది.

ఇప్పుడు ముగ్గురం అమ్మాయిలం ఒక గదిలో ఉంటున్నాం. మూడో అంతస్తు. వీరేందరన్నకు చెప్పు, సర్ఫేస్ కంటే ఎక్కువే వచ్చిందని. కాలేజీ క్యాంటీన్లో ప్లేట్లు కడిగే పని దొరికింది. కాలేజీ లోపలి పని కాబట్టి రూలు ఒప్పుకుంటుంది. వేదవ్యాస్ గారింట్లో గిన్నెలు కడిగితే నేరం, ఇక్కడ కడిగితే అనుభవం. సర్టిఫికెట్ కూడా ఇస్తారట.

అహల్య గారు ఒకరోజు కారులో వచ్చారు. మనీష నాకోసం గీసిన ఉడత బొమ్మ ఇచ్చారు. ఆమెకు గుజరాతీ సేటు సంగతి చెప్పాను. "పదిహేనేళ్ళ కాపురం. నాకు గెస్టుహౌసు అనే చెప్పిండే!" అని స్టీరింగు మీద తల పెట్టి పకపకా నవ్వారు. ఆ నవ్వు మధ్యలో ఎప్పుడో ఏడుపయింది. "పచ్చిపులుసులో నువ్వు ఏం వేస్తావు?" అని అడిగి వెళ్ళిపోయారు.

నా నిర్ణయం మాత్రం మారలేదు. సెప్టెంబరు చివర వస్తాను. చదువు మళ్ళీ ఎప్పుడైనా చదవొచ్చు. నీ నెత్తి మీద కప్పు లేకపోతే నేను మూడో అంతస్తులో ఉన్నా నాకు నిద్ర పట్టదు.

తింటున్నాను, నిజంగానే.

నీ
శ్రావణ్య

*

కాసిపేట
17 ఆగస్టు 2025

పిట్టా,

పైన ఊరి పేరు చూసినావు గదా. తప్పు రాయలేదు. క్వార్టర్ ఖాళీ చేసి తాళంచెవి ఆఫీసులో ఇచ్చి వచ్చినాను. బాబు ఆశ్చర్యపోయి, "దసరా దాక టైం ఉండె గదమ్మా. ఖాళీ చెయ్యుమంటే కోర్టుకు పోయెటోళ్ళను చూసిన గని, ముందే ఇచ్చెటోళ్ళను చూళ్ళే" అన్నాడు. టైం ఉంటే నా కోడలు వచ్చేస్తది బాబూ అన్నాను. ఏం అర్థమైందో, చాయ్ తెప్పించినాడు.

ఇప్పుడు కాసిపేటలో మా చెల్లె సారవ్వ ఇంట్లో ఉన్నాను. దానికీ ఎవరూ లేరు, నాకూ ఎవరూ లేరని అన్నది. నాకు ఉన్నారని చెప్పి కొట్లాడినాను. మీ మామ పోయినంక వచ్చే పింఛను నాకు సరిపోతుంది. పొద్దున అంగన్‌వాడీలో పిల్లలకు వండుతున్నాను. ఒకడు నీ లెక్కనే, నాలుగు మెతుకులు తిని లేస్తాడు. వాడిని కూడా పిట్టా అనే పిలుస్తున్నాను, నువ్వు ఏమనుకోకు.

ఇల్లు వదిలేటప్పుడు ఏడ్వలేదు. వాడి టిఫిను డబ్బా, మీ లగ్గం ఫోటో, నీ పుస్తకాల పెట్టె తెచ్చుకున్నాను. సైరను మాత్రం ఇక్కడికి వినపడదు. మొదటి రోజు వినపడక నిద్ర లేవలేదు. ఎండెక్కినంక లేచి, నీళ్ళు కాగపెట్టకుండా కూర్చున్నాను.

సారవ్వ ఇంట్లో వంటసాల కురుస్తున్నది. వీరేందర్ ఫ్లెక్సీ కట్టిన రోజు మొగిలి నీది మడతపెట్టి నాకిచ్చినాడు. నా కొడుకుది రెండేళ్ళ నుంచి మంచం కింద చుట్టి ఉండె, ఒక్కసారి కూడా విప్పలేదు. మొన్న విప్పినాను. ఒకటే చట్రానివి కాబట్టి రెండూ ఒకటే కొలత. దర్జీ దగ్గర పక్కపక్కన పెట్టి కుట్టించినాను. అతను, "ఒకటి శ్రద్ధాంజలి, ఒకటి శుభాకాంక్షలు. రెంటినీ కలిపి కుడితె ఏం బాగుంటదమ్మా?" అన్నాడు. అవి మొగుడు పెళ్ళాలు, కుట్టు అన్నాను.

ఇప్పుడు వంటసాల మీద మీరిద్దరే కప్పు. వాన పడితే ఇద్దరి మీదా ఒకటే చప్పుడు. చుక్క కారడం లేదు. నీ ముక్కు మీద రోజూ ఒక కాకి వాలుతుంది. వాడి మీద వాలదు, వాడి మొహం చూసి కాకికి కూడా భయమేమో. నా నెత్తి మీద కప్పు లేదని నీకు నిద్ర పట్టకపోతే, ఇగ పట్టాలె.

కొలువు వద్దని రాసిచ్చే కాయితం దీనితో పంపుతున్నాను. నీ సంతకం కావాలట. నేను కింద వేలిముద్ర వేయబోతే బాబు, "చదువుకున్నవు గద, సంతకం పెట్టు" అన్నాడు. పెట్టినాను. ముగ్గురి చేతులు మారిన కొలువు ఇంతటితో అయిపోతుంది. ఇక మన ఇంట్లో ఎవరు పోయినా ఎవరికీ ఏమీ రాదు. ఆ మాట రాస్తుంటే నాకు భయం కాలేదు, తేలికగా అనిపించింది.

చదువు అయినంక రా. ఇంటి కోసం కాదు, నా కోసం. సోఫా వద్దు, ఇక్కడ పీట ఉన్నది.

పిట్ట లెక్క తినకు. కడుపు నిండ తిను.

మీ అమ్మ
మల్లక్క